యెజ్డీకి 12 వోల్టులు: ఆరేళ్లు నడిపాక నా మాట

మా నాయన 1979లో కొన్న యెజ్డీ 250 మోటార్‌సైకిల్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. మైసూరులో దాన్ని చేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది కానీ బండికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. తిరుపతిలో నా పనులన్నీ దాని మీదే. నెలకోసారి పీలేరు దగ్గర మా అత్తగారి ఊరికి కూడా అదే. 2019లో దాని కరెంటును 6 వోల్టుల నుంచి 12కి మార్పించాను. అప్పటి నుంచి దాదాపు ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. బండి ఎక్కడ ఆపినా "12 చేయించమంటావా అన్నా?" అని ఎవరో ఒకరు అడుగుతున్నారు. అందరికీ నిలబడి చెప్పలేక రాస్తున్నాను.

మార్చాలన్న ఆలోచన భాకరాపేట ఘాట్‌లో పుట్టింది. పీలేరు నుంచి రాత్రి ఎనిమిదింటికి బయలుదేరాను. దిగుడులో రెండో గేరు, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోంది, హెడ్‌లైటు బుడ్డి దీపంలా ఎర్రగా ఉంది. ఇండికేటర్ వేస్తే దాంతోపాటు హెడ్‌లైటు కూడా కొట్టుకునేది. ఎదురుగా లారీ వస్తే రోడ్డు అంచు ఎక్కడుందో కనిపించక, అది దాటిపోయేదాకా ఆగిపోవడమే. రంగంపేట చేరేసరికి చొక్కా తడిసిపోయింది. ఆ టెన్షన్ మళ్లీ వద్దనుకున్నాను.

కొర్లగుంటలో నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ఆయన వెంటనే మారుద్దాం అనలేదు. "సామీ, ముందు ఎర్తు చూద్దాం" అన్నాడు. ఎర్తు అంటే కరెంటు ఫ్రేము గుండా బ్యాటరీకి తిరిగివచ్చే దారి. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 6.2 వోల్టులు, బల్బు దగ్గర 4.7. మిగతాది దారిలోనే పోతోంది. నలభై ఏళ్ల వైరు, తుప్పు పట్టిన ఎర్తు బోల్టు, స్విచ్చిలో నల్లబడిన రాగి. వోల్టేజీ ఐదో వంతు తగ్గితేనే బల్బు వెలుగు సగానికి పడిపోతుంది, ఇక్కడ పోయింది అంతకంటే ఎక్కువే. హెడ్‌లైటుకి కొత్త వైరు లాగి, ఫ్రేము మీద రంగు గీకి ఎర్తు బిగించాడు. బల్బు దగ్గర 5.7 వచ్చింది. ఆ రాత్రి అలిపిరి రోడ్డులో వెళ్తుంటే ఇది మన బండేనా అనిపించింది. 6 వోల్టుల మీద నేను వేసిన నిందలో సగం తుప్పు మీద వేయాల్సింది.

మరి ఇంకా ఎందుకు మార్చావు అంటే, బ్యాటరీ కోసం. బ్యాటరీలకు పేరుమోసిన అమరరాజా ఫ్యాక్టరీ మా ఊరి పక్కన కరకంబాడిలోనే ఉంది. అయినా నేను తిరిగిన కొట్లలో 6 వోల్టులది అడిగితే "తెప్పించాలి సార్, వారం పడుతుంది" అన్నవాళ్లే. తెప్పించింది కూడా ఎన్నాళ్లుగా అరలో పడి ఉన్నదో తెలియదు. బల్బులదీ అదే కథ. 12 వోల్టులైతే పీలేరు బస్టాండు పక్కన చిన్న కొట్టులో కూడా దొరుకుతాయి. యెజ్డీలో ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చేది కాయిల్, దానికి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. ఆ కరెంటును ఇంజిన్‌తో పాటు కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్చే పాయింట్లు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే తోసుకుంటూ పోవాల్సిందే.

మార్పించిన పద్ధతి తేలికైనదే. ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే డైనమో పాతదే, లోపల ఒక్క చుట్టు కూడా మార్చలేదు. డైనమో ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ వోల్టేజీ ఇవ్వగలదు. పాత కటౌట్ దాన్ని 7 వోల్టుల దగ్గర పట్టి ఉంచేది. దాని స్థానంలో పెట్టిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ 14 దాకా వదులుతుంది. ఇక బ్యాటరీ, కాయిల్, హారన్, ఫ్లాషర్, బల్బులు అన్నీ 12వి. పాయింట్లు, కండెన్సర్ పాతవే సరిపోతాయి. 12 వోల్టుల 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ పాత డబ్బాలోనే పట్టింది, కదలకుండా చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కాం. మొత్తం ఆరు వేలకు కాస్త అటూ ఇటూగా అయింది. స్పీడోమీటర్ లోపలి చిన్న బల్బు సంగతి అందరం మరిచిపోయాం. తాళం తిప్పగానే తళుక్కుమని వెలిగి అంతటితో పోయింది.

35 వాట్ల బల్బు 6 వోల్టుల మీద దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది, 12 మీద మూడే. కరెంటు సగమైతే అదే వైరులో వేడిగా పోయేది నాలుగో వంతుకి తగ్గుతుంది. స్ప్లెండర్‌కి వేసే 35/35 హాలోజన్ బల్బు వేశాను, దానికి హోల్డరు మాత్రం మార్చాల్సి వచ్చింది. ఘాట్‌లో ఇప్పుడు అంచు రాళ్లు కనిపిస్తాయి. మధ్యలో ఒకసారి ఎల్‌ఈడీ హెడ్‌లైటు మోజు పడ్డాను. పాత రిఫ్లెక్టర్‌లో ఆ వెలుగు చెట్ల మీదికీ ఎదుటివాడి కళ్లలోకీ పోయింది తప్ప రోడ్డు మీద పడలేదు. నెలకే తీసేశాను. వెనక లైటుకి మాత్రం ఎల్‌ఈడీ ఉంచాను, దానివల్ల కరెంటు మిగులుతుంది.

నన్ను ఎక్కువ ఏడిపించింది కాయిల్. మొదట్లో కొర్లగుంట ఆయన ఊళ్లో లేకపోతే ఇంకో మెకానిక్ దగ్గర కాయిల్ వేయించాను. అతను సీడీఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) బండి కాయిల్ పెట్టాడు. చూడ్డానికి అన్నీ ఒకటే, వోల్టులూ అవే. కానీ సీడీఐ కాయిల్‌కి లోపల నిరోధం చాలా తక్కువ. పాయింట్లు మూసుకున్నప్పుడల్లా కరెంటు వరదలా పారుతుంది. మూడు వారాల్లో పాయింట్లు కాలి గుంటలు పడ్డాయి. బండి చంద్రగిరి కోట దగ్గర ఆగిపోయింది, ఎండలో రెండు కిలోమీటర్లు తోశాను. పాయింట్లకి తగిన కాయిల్ అయితే ప్రైమరీలో, అంటే బ్యాటరీ వైపు చుట్టలో, మూడు నాలుగు ఓముల నిరోధం చూపిస్తుంది. మీటరుతో చూడకుండా ఎవరు పెడతామన్నా ఒప్పుకోవద్దు. పాత 6 వోల్టుల కాయిల్‌నే 12 మీద నడిపేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. అది వేడెక్కి కొన్నాళ్లకు చస్తుంది.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. అదే డైనమో 14 వోల్టులు ఇవ్వాలంటే ఇదివరకటికంటే వేగంగా తిరగాలి. హ్యాండిల్ దగ్గర చిన్న వోల్ట్‌మీటర్ పెట్టుకున్నాను. నలభై మీద వెళ్తుంటే 13.8 చూపిస్తుంది, ఐడిల్‌లో 12.1. అంటే ఆగి ఉన్నంతసేపూ బ్యాటరీనే తింటున్నామన్నమాట. బ్రహ్మోత్సవాలప్పుడు లీలామహల్ సెంటర్ దగ్గర గంటసేపు పాకుతూ వెళ్లాను, లైటు ఆర్పకపోతే హారన్ మూలిగేది. రోజంతా ఊళ్లో సిగ్నళ్ల మధ్యే తిరిగేవాళ్లు ఈ పద్ధతి జోలికి పోవద్దు. డైనమో పూర్తిగా తీసేసి, తక్కువ వేగంలోనూ ఛార్జి ఇచ్చే ఆల్టర్నేటర్ కిట్టు వేయించుకోండి, ఖర్చు చాలా ఎక్కువైనా సరే. లేదంటే ఎర్తు బాగుచేయించుకుని 6తోనే ఉండండి.

ఆరేళ్లలో డైనమో కార్బన్ బ్రష్‌లు రెండుసార్లు మార్చాను. రెగ్యులేటర్ ఒకటి నా చేతుల మీదుగా పోయింది, బ్యాటరీ వైర్లు తిరగేసి తగిలించాను. రెప్పపాటులో వాసన వచ్చింది. పాత కటౌట్ అయితే ఇలాంటివి ఓర్చుకునేదేమో, ఇది ఓర్చుకోదు. మొదటి బ్యాటరీ 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి కదలక చచ్చింది, దాని తప్పేం లేదు. రెండోది ఇంకా నడుస్తోంది.

పాత యెజ్డీల వాళ్లు కలిసినప్పుడు "ఒరిజినల్ పాడుచేశావు" అంటారు. నేను ఒక్క తీగ కూడా పారేయలేదు. కటౌట్, కాయిల్, హారన్ బిస్కెట్ డబ్బాలో అటక మీద దాచాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక పూటలో వెనక్కి మార్చేయొచ్చు.

మా నాయనకి వెలుగు నచ్చింది, హారన్ నచ్చలేదు. "వీధి చివర మోగితే మన బండి అని తెలిసేది, ఇప్పుడు ఏ పాల బండో అనుకుంటున్నా" అంటాడు. పోయిన నెల పాత హారన్ దించి, లోపలి కాయిల్ 12 వోల్టులకి చుట్టమని కొర్లగుంటలో ఇచ్చి వచ్చాను. "శనివారం రా సామీ" అంటున్నాడు, ఏ శనివారమో చెప్పడం లేదు.