నాలుగు ఎండాకాలాల తర్వాత మా డక్టెడ్ ఏసీ: గొడవంతా డ్రెయిన్ పైపు దగ్గరే

కర్నూలు ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది. నాలుగేళ్ల కిందట మిద్దె మీద ప్యాకేజ్డ్ ఏసీ (అన్ని భాగాలూ ఒకే పెట్టెలో ఉండేది) పెట్టించి, డక్ట్‌లు, అంటే గాలి పోయే గొట్టాలు, లాగించి, హాలుకూ మూడు పడగ్గదులకూ ఒకే మెషీన్‌తో చల్లగాలి తెప్పించుకున్నాం. ఎన్ని టన్నులు, ఎంత కరెంటు అనేవి షాపువాళ్లే చెబుతారు. లక్షలు పోసిన ఆ మెషీన్ మీద నాకు కోపం లేదు. లోపల ఊరే నీళ్లు బయటికి పోవడానికి దాని పక్కనుంచి కిందికి దిగే అంగుళం పీవీసీ పైపును బిగించిన తీరు మీద మాత్రం ఇప్పటికీ ఉంది.

మొదటి ఎండాకాలం రాజభోగమే. గోడలకు తెల్ల డబ్బాలు లేవు, గదిలో చప్పుడు లేదు, గ్రిల్‌లోంచి మెత్తగా గాలి వచ్చేది. చుట్టాలొస్తే మిద్దె మీదికి తీసుకెళ్లి మరీ చూపించాను. నంద్యాలలో మా తోడల్లుడు నా మాట విని తనూ పెట్టించుకున్నాడు.

ఆగస్టులో ఒక రాత్రి హాలు గ్రిల్‌లోంచి సోఫా మీద నీటిబొట్టు పడింది. బయట వాన. "మిద్దె కారుతాందేమో చూడు" అన్నారు నాన్న. మేస్త్రీని పిలిచి డక్ట్ దిగిన కంత చుట్టూ సిమెంటు పూయించాం. రెండు రోజులకు వాన లేకుండానే మళ్లీ కారింది. వారం తిరిగేసరికి ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరక తేలింది, అచ్చం కర్నూలు జిల్లా పటంలా. అదీ నంద్యాల విడిపోకముందుది.

బిగించినవాళ్ల కుర్రాళ్లు మూడుసార్లు వచ్చారు. ఒకసారి ఫిల్టర్ కడిగారు. ఒకసారి పైపులోకి గాలి కొట్టారు. మూడోసారి వాటం చాలదని పైపును కాస్త వంచి బిగించారు. వచ్చిన ప్రతిసారీ మెషీన్ ఆపి, లోపల నీళ్లు పట్టే పళ్లెం, అదే పాన్‌లో, మగ్గుతో నీళ్లు పోసి, "చూడండి సార్, ఎంత బాగా పోతాండాయో" అనేవాళ్లు. నిజంగానే పోయేవి. నేను సంతకం పెట్టి పంపేవాణ్ని.

అసలు సంగతి అమ్మ ముందే చెప్పింది. ఆ పైపు కింద బకెట్ పెట్టి, వచ్చిన నీళ్లు మల్లె కుండీలకు పోస్తుంది. "మిషన్ తిరుగుతున్నంతసేపు బొట్టు రాదు నాయనా, ఆపినాక దబదబా వస్తాది" అంది. నేను పట్టించుకోలేదు. కుర్రాళ్లయితే నవ్వారు.

చివరికి పక్కింటాయన ఒక ముసలి మెకానిక్‌ను తెచ్చాడు. వెనకటికి సినిమా హాళ్ల ఏసీ ప్లాంట్లలో పనిచేసిన మనిషి. టూల్స్ సంచి విప్పకుండా ముందు అమ్మనే అడిగాడు, నీళ్లు ఎప్పుడొస్తాయని. విన్నాక మెషీన్ ఆన్ చేయించి, ఒక అగరుబత్తి తెమ్మన్నాడు. వెలిగించి పైపు మూతి దగ్గర పెడితే పొగ పైకి పోలేదు, పైపులోకి పోయింది. "గాలి లోపలికి లాగుతాంటే నీళ్లు బయటికెట్ల వస్తాయమ్మా?" అన్నాడు.

అంతే సంగతి. మా మెషీన్‌లో ఫ్యాన్ కాయిల్‌కు (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టకు) అవతల కూర్చుని గాలిని లాగుతుంది. కాబట్టి కాయిల్ కింద పాన్ ఉన్న అరలో ఒత్తిడి బయటికన్నా తక్కువ. పైపు నేరుగా తెరిచి ఉంటే బయటి గాలి దాంట్లోంచే లోపలికి దూరి, పాన్‌లో నీళ్లను దిగనివ్వదు. పాన్ నిండి పొర్లితే ఆ నీళ్లు డక్ట్‌లోకే. మేలో మా ఊరి గాలి పొడి, రోజంతా నడిచినా పాన్ పొర్లేంత నీళ్లు ఊరలేదు. ఆగస్టు తేమకు రెండు మూడు గంటలకే బకెట్ నీళ్లు.

దీనికి మందు, ట్రాప్. వాష్‌బేసిన్ కింద ఉండేలాంటి వంపు. అందులో నిలిచిన నీళ్లే గాలికి బిరడా. కానీ దానికి లోతు కావాలి. ఫ్యాన్ లాగుడు నీళ్లను ఒక అంగుళం ఎత్తు లేపేంత ఉంటే, ట్రాప్ బయటి మూతి పాన్ మూతికన్నా రెండంగుళాలు కిందుండాలి, వంపు అక్కణ్నుంచి ఇంకో అంగుళం దిగాలి. మావాళ్లు మెషీన్‌ను మూడంగుళాల ఇటుకల మీద కూర్చోబెట్టారు. వంపు తిప్పడానికి చోటేదీ?

మెషీన్ లేపి ఇనప స్టాండ్ మీద పెట్టాల్సి వచ్చింది. లేపితే డక్ట్ మెడ అందదు, కాబట్టి రేకు ముక్క అతికి, కాన్వాస్ జాయింట్ కొత్తగా కుట్టించాం. విప్పి చూస్తే డక్ట్ లోపలి లైనింగ్ తడిసి నల్లగా బూజు పట్టి ఉంది. ఆ నెలంతా ఇంట్లో వచ్చిన తడిగుడ్డ వాసన ఎక్కడిదో అప్పుడర్థమైంది. రెండు రోజుల పని, చెప్పుకోలేనంత ఖర్చు. మెషీన్ నడుస్తుండగానే పైపు ధార కట్టినప్పుడు అమ్మ నావైపు చూసిన చూపు అదనం.

ఆ తర్వాత ఒక్క బొట్టు కారలేదు. కాకపోతే చలికాలంలో ఏసీ వాడం కదా, ట్రాప్‌లో నీళ్లు ఎండిపోతాయి. అందుకే ఉగాదికి ముందు నాన్న మిద్దెక్కి చెంబుడు నీళ్లు పోసి వస్తారు, దేవుడికి అభిషేకం చేసినట్టు. దుమ్ముకు పైపులో జిగట పేరుకుంటుంది కాబట్టి మూత ఉన్న టీ (T ఆకారపు) పైపు ముక్క కూడా వేయించాం, వానాకాలంలో నెలకోసారి కడుగుతాం. తోడల్లుడికి ఫోన్ చేసి అగరుబత్తి పరీక్ష చెబితే, వాళ్లకు ఎత్తు స్టాండూ ట్రాపూ మొదటి రోజునుంచే ఉన్నాయన్నాడు.

ఇల్లంతా ఒకేలా చల్లబడుతుందని అప్పట్లో అందరికీ చెప్పాను. అది తలుపులు తెరిచి ఉంటేనే. గాలి వెనక్కి పోయే గ్రిల్ హాల్లో ఒక్కటే ఉంది, చివరి గది తలుపు వేస్తే అక్కడికి గాలి రావడం తగ్గిపోయేది. వడ్రంగి చేత తలుపు అడుగున అంగుళం కోయించాక నయం. అయినా మేలో మా అబ్బాయి చాప తెచ్చుకుని హాల్లోనే పడుకుంటాడు. మధ్యాహ్నం నాన్న ఒక్కరి కునుకు కోసం ఇల్లంతా చల్లబరచడం దండగనిపించి, ఏప్రిల్‌లో ఆయనకు పాత కూలరే వేస్తున్నాం.

మాది సొంత మిద్దె, పగలు కూడా ఇంట్లో ఐదుగురం ఉంటాం, ఫాల్స్ సీలింగ్ ఎలాగూ వేయించాలనుకున్నాం. కాబట్టి ఇప్పుడు అడిగినా బహుశా ఇదే పెట్టిస్తాను. ఇద్దరే ఉండి, ఒక గదిలోనే పడుకునేవాళ్లయితే స్ప్లిట్ చాలేమో. పెట్టించుకుంటే మాత్రం, మెషీన్ నడుస్తుండగా పాన్‌లో నీళ్లు పోయించి, అవి పైపులోంచి బయటికి రావడం చూశాకే చివరి బాకీ ఇవ్వండి. నేను ఏప్రిల్‌లోనే మొత్తం ఇచ్చేశాను.