రోమ్‌లో ఆఖరి రోజు: లియోనార్డో ఎక్స్‌ప్రెస్‌కు 14 యూరోలు పెట్టాలా?

రోమ్ టెర్మినీ స్టేషన్‌లో ఎక్కితే మధ్యలో ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో ఫియుమిచినో ఎయిర్‌పోర్టులో దించే రైలు లియోనార్డో ఎక్స్‌ప్రెస్. మనిషికి 14 యూరోలు. రైలు మంచిదే, అందులో పేచీ లేదు. పగలంతా దాదాపు పావుగంటకొకటి ఉంటుంది, రిజర్వేషన్ అక్కర్లేదు, సూట్‌కేసులు పెట్టుకోవడానికి చోటుంటుంది. కానీ ట్రిప్పంతా ఒక్కో యూరో లెక్కేసుకుని తిరిగినవాళ్లు కూడా చివరి రోజు కంగారులో ఆలోచించకుండా దీనికే డబ్బు కట్టేస్తారు. అది సరైన ఖర్చో దండగో చెప్పాలంటే హోటల్ ఎక్కడ, మీరెంతమంది అన్నది ముందు చూడాలి.

హోటల్ టెర్మినీ చుట్టుపక్కల ఉండి, ఒకరో ఇద్దరో అయితే ఇదే ఎక్కండి. చవక దారి లేకపోలేదు: మెట్రో బీ లైన్‌లో నాలుగో స్టాపు పిరమిడెలో దిగి, సబ్‌వేలోంచి పక్కనే ఉన్న ఓస్టియెన్సె స్టేషన్‌కు నడిచి, అక్కడ ఎఫ్ఎల్1 లోకల్ పట్టుకోవచ్చు. మెట్రోకు 1.50, లోకల్‌కు 8, మొత్తం 9.50. మిగిలేది నాలుగున్నర యూరోలు. దానికోసం మెట్లూ సబ్‌వేలూ సామాను లాక్కుంటూ తిరగాలి, టైమూ దాదాపు రెట్టింపవుతుంది. భుజాన ఒక్క బ్యాగే ఉన్న స్టూడెంట్‌కు ఓకే. చెరో రెండు సూట్‌కేసులున్న దంపతులకు మాత్రం ఇది ఉత్త కక్కుర్తి.

బస ట్రాస్టెవెరె వైపైతే లెక్క తిరగబడుతుంది. ఎఫ్ఎల్1 ట్రాస్టెవెరె స్టేషన్‌లో ఆగుతుంది, అక్కణ్ణించి ఎయిర్‌పోర్టుకు అరగంట లోపే. పియాజ్జా వెనెజియా నుంచి 8వ నంబరు ట్రామ్ ఆ స్టేషన్ ముందుకే వస్తుంది. అలాంటప్పుడు వెనక్కి టెర్మినీకి వెళ్లి 14 యూరోలు కట్టడంలో అర్థం లేదు. ఒకటే జాగ్రత్త: ఎఫ్ఎల్1 టెర్మినీకి రాదు. పనిరోజుల్లో పావుగంటకొకటి ఉంటుంది గానీ ఆదివారాలు, సెలవుల్లో అరగంటకొకటే.

పెద్దవాళ్లు నలుగురైతే విడివిడి టికెట్లు కొనొద్దు. నాలుగు పద్నాలుగులు 56. పాత ఊరి గోడల లోపల హోటల్ ఉంటే, నగరపాలక లైసెన్సున్న తెల్ల టాక్సీకి ఫియుమిచినో వరకు 55 యూరోల ఫిక్స్‌డ్ రేటు. అది కారు మొత్తానికి, సామానుతో కలిపి. గుమ్మం దగ్గర ఎక్కి టెర్మినల్ ముందు దిగొచ్చు. ఎక్కేముందే ఆ రేటు చెప్పించుకోండి. రైలులోనే వెళ్లాలంటే నలుగురికి కలిపి ఇచ్చే గ్రూపు టికెట్ అడగండి, 40 యూరోలు. నాలుగేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. టికెట్ కొన్న పెద్దవాళ్లు ఒక్కొక్కరితో పన్నెండేళ్లలోపు పిల్లలు ఒకరు చొప్పున ఉచితం. అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి 28 యూరోలే. ఈ కుటుంబాలకు రైలే బెస్ట్.

టెర్మినీ పక్క వీధుల నుంచి ఏడెనిమిది యూరోలకు బస్సులూ ఉన్నాయి. ఖాళీ రోడ్డు మీద గంట లోపే వెళ్తాయి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఎప్పుడు చేరుస్తాయో చెప్పలేం. తెల్లవారుజామున రైళ్లు మొదలవకముందు వెళ్లాల్సినవాళ్లకే వీటి అసలు ఉపయోగం. రైళ్లు ఉదయం అయిదు ప్రాంతంలో మొదలై, టెర్మినీ నుంచి రాత్రి పదిన్నర దాటాక ఆగిపోతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది టికెట్ దగ్గరే. మూడు రోజుల సిటీ పాస్, రోమా పాస్ లాంటివి ఎయిర్‌పోర్టు రైళ్లలో చెల్లవు. ఎనిమిది యూరోల టికెట్‌తో లియోనార్డో ఎక్కకూడదు. కాగితం టికెట్‌ను ప్లాట్‌ఫారం దగ్గరి మెషిన్‌లో ముద్ర వేయించాలి, మర్చిపోతే టికెట్ ఉన్నా జరిమానానే. ఫోన్‌లో కొన్న రీజనల్ (దగ్గరి దూరాల రైళ్ల) టికెట్‌కు ఎక్కేముందు లింకు నొక్కి చెకిన్ చేయాలి. టెర్మినీలో లియోనార్డో 23, 24 ప్లాట్‌ఫారాల నుంచి బయల్దేరుతుంది. పెద్ద స్టేషన్, నడకకు పది నిమిషాలు పెట్టుకోండి.

ఇటలీలో 'షోపెరో', అంటే సమ్మె, మామూలు విషయం. ముఖ్యంగా శుక్రవారాలు. తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి ముందురోజు రాత్రి చూసుకోండి. పనిరోజుల్లో సమ్మె ఉన్నా రీజనల్ రైళ్లు ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని తప్పకుండా నడుస్తాయి. లియోనార్డో రద్దయితే బదులు బస్సులు వేస్తారు, ఆ రోజు గంట అదనంగా పెట్టుకోవాలి.

చెకౌట్‌కీ రైలుకీ మధ్య టైముంటే సామాను హోటల్లోనే పెట్టి వెళ్లండి. అపార్ట్‌మెంట్ అయితే ఆ వీలుండదు. టెర్మినీలో జియోలిట్టి వీధి వైపు లగేజీ కౌంటర్ ఉంది గానీ ఉదయం క్యూ పొడుగ్గా ఉంటుంది. రూమ్ బిల్లు ముందే కట్టేసినా సిటీ ట్యాక్స్ విడిగా అడుగుతారు: త్రీస్టార్‌లో మనిషికి రాత్రికి 6 యూరోలు, పదేళ్లలోపు పిల్లలకు లేదు. చాలాచోట్ల నగదే కావాలంటారు, చివరి నోట్లు ముందురోజే ఖర్చు పెట్టేయకండి. దారికి సుప్లీ కొనేటప్పుడు శాకాహారులు అడిగి తీసుకోండి, ఆ అన్నం ఉండల్లో మాంసం సాస్ కలపడం ఇక్కడ రివాజు.

దుబాయ్, దోహా మీదుగా హైదరాబాద్ వెళ్లేవాళ్లు మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. మధ్యాహ్నం 3 గంటల ఫ్లైట్‌కు 11.20 దాటి టెర్మినీ వదలొద్దు. 2025 అక్టోబరు నుంచి మొదలైన షెంజెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల) ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్‌లో బయటికెళ్లేటప్పుడు కూడా మన వివరాలు నమోదవుతాయి, అక్కడ క్యూ పడుతుంది. షాపింగ్ పన్ను వెనక్కి కావాలంటే (ఒక బిల్లు 70 యూరోలు దాటాలి) ఆ వస్తువులున్న సూట్‌కేసు చెకిన్‌లో వేయకముందే కస్టమ్స్ పని ముగించాలి, దానికింకో అరగంట.

టికెట్ మీద ఎయిర్‌పోర్టు పేరు ఇంకోసారి చూడండి. చాంపినో అని ఉంటే పైదంతా వర్తించదు: చౌక విమానాలు కొన్ని అక్కణ్ణించే లేస్తాయి, లియోనార్డో అటు వెళ్లదు. టెర్మినీ నుంచి రైలు, ఆ తర్వాత బస్సు కలిపిన టికెట్ 2.70 యూరోలే.