కోర్టులో నిలబడ్డ నీళ్ల పరీక్ష

మా డెయిరీ పేడనీళ్లు చుట్టుపక్కల బోర్లలోకి దిగుతున్నాయని కాలుష్య నియంత్రణ వాళ్లు కోర్టుకెక్కారు. నీళ్ల పరీక్ష ఈ ల్యాబ్‌కే ఇచ్చాం. వచ్చిన కుర్రాడు బోరు నీళ్లు కాసేపు పారనిచ్చాకే సీసా పట్టాడు. సీలు మీద టైము రాసి, సంతకం పెట్టించి, ఐసు పెట్టెలో సర్దాడు. పేడనీళ్ల నుంచి దిగే నైట్రేట్ పరీక్ష 48 గంటల్లోపు అయిపోవాలి మరి, అయింది. అవతలి లాయరు ఆ కాగితాల్లో ఎక్కడా వేలు పెట్టలేకపోయాడు.

చిక్కల్లా రిపోర్టుతోనే. అంకెలన్నీ నైట్రోజన్ లెక్కలో, అంటే నైట్రేట్‌లో ఉండే నైట్రోజన్ బరువు మాత్రమే వేశారు. అందులో 10 అంటే నైట్రేట్‌గా లీటరుకు సుమారు 44 మిల్లీగ్రాములు. ఆ ముక్క అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో! మా లాయరమ్మ చూడబట్టి సరిపోయింది. సవరించిన కాపీ కోసం ఫోన్లు చేసి చేసి ప్రాణం విసిగింది. శాంపిల్ పనికి ఐదు స్టార్లు, ఆఫీసుకి రెండే.