ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) కోర్సుకి ఫీజు కట్టేముందు గోడ మీది ఫ్రేము చదవండి

నిన్న విజయవాడ వెళ్తే, మావాణ్ణి ఈ కోర్సులో చేర్చి నేను మోసపోయిన సంస్థవాళ్లు కొత్త ఫ్లెక్సీ కట్టారు, అడ్మిషన్లు మొదలయ్యాయని. అందుకే ఇది రాస్తున్నాను.

మావాడు ఇంటర్ ఎంపీసీ అయ్యాక బీటెక్ వద్దు, విమానాల మెయింటెనెన్స్ చదువుతానన్నాడు. గుంటూరు నుంచి బస్సెక్కి ఇద్దరం వెళ్లాం. కౌన్సెలర్ అమ్మాయి మంచినీళ్లిచ్చి, "అంతా డీజీసీఏ ప్రకారమే అంకుల్" అంది. డీజీసీఏ అంటే దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉంది. దాన్ని దేవుడి పటాన్ని చూసినట్టు చూశానే గానీ చదవలేదు. ఆ రోజే ఎనభై వేలు కట్టాను, తర్వాత రెండు వాయిదాల్లో ఇంకో లక్ష.

ఏడో నెలలో మావాడికే అనుమానం వచ్చింది. వర్క్‌షాప్ అంటే రేకుల షెడ్డు. సగానికి కోసి రంగులేసిన పిస్టన్ ఇంజిన్ ఒకటి, ప్రొపెల్లర్ ఒకటి. ఇరవై రెండు మంది పిల్లలకి ఒకే టార్క్ రెంచి, అదీ బీరువాలో, తాళం సార్ జేబులో. ప్రాక్టికల్స్ అని గన్నవరం తీసుకెళ్లి టెర్మినల్ బయట గ్రూప్ ఫొటో తీయించి తీసుకొచ్చేశారు.

అప్పుడు వెళ్లి ఆ ఫ్రేముని ఫొటో తీసుకొచ్చాను. డీజీసీఏ వెబ్‌సైట్‌లో సీఏఆర్-147 (ఇలాంటి శిక్షణ సంస్థలకి డీజీసీఏ పెట్టిన నిబంధనలు) ఆమోదం ఉన్న సంస్థల జాబితాతో పోల్చి చూశాం. నంబరు నిజమైనదే. కాకపోతే అది వేరే రాష్ట్రంలోని వేరే సంస్థది! అడిగితే 'టై-అప్' అన్నారు. ఆ సంస్థకి ఫోన్ చేస్తే విజయవాడలో మావాళ్లెవరూ లేరన్నారు. మా అడ్మిషన్ కాగితం మళ్లీ తీస్తే అందులో ఉన్నది "డీజీసీఏ సిలబస్ ప్రకారం శిక్షణ" అని. సిలబస్ ఎవరైనా ప్రింటు తీసుకుని చెప్పుకోవచ్చు. ఆమోదం అన్న మాటే లేదు.

డిప్లొమా వేరు, లైసెన్సు వేరు. పని అయ్యాక విమానం ఎగరొచ్చని సంతకం పెట్టాలంటే లైసెన్సు కావాలి. దానికి డీజీసీఏ మాడ్యూల్ పరీక్షలు ఒక్కోటీ 75 శాతంతో పాసవ్వాలి. ఇంట్లో చదువుకునీ రాయొచ్చు, అబద్ధమెందుకు. కానీ టర్బైన్ ఇంజిన్ విమానాల లైసెన్సుకి (దాన్ని బీ1.1 కేటగిరీ అంటారు), ఆమోదం ఉన్నచోట కోర్సు చేస్తే విమానాల మెయింటెనెన్స్‌లో రెండేళ్ల అనుభవం చాలు. ఏ సాంకేతిక శిక్షణా లేదంటే ఐదేళ్లు. ఆ ఐదేళ్లు మావాణ్ణి హ్యాంగర్‌లోకి, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులోకి, రానిచ్చేదెవరు?

డబ్బు తిరిగివ్వమంటే రసీదు చూపించమన్నారు. తీరా చూస్తే దాని మీద ఏదో ట్రస్టు పేరు, 'విరాళం' అని. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను, ఇంతవరకు రూపాయి రాలేదు.

చేరేవాళ్లు జాబితాలో సంస్థ పేరు, ఊరు, మీ పిల్లలు చదవబోయే కేటగిరీ ఉన్నాయో లేదో చూసుకోండి. రసీదు సంస్థ పేరు మీదే అడగండి. ఫ్రేము ఫొటో తియ్యనివ్వకపోతే మంచినీళ్లు తాగి లేచి వచ్చేయండి.