తాతయ్య రైఫిల్‌కి పాత కర్ర బాగుచేయించాలా, స్టైల్ మార్చాలా? ఏది మేలు?

మా తాతయ్యది పాయింట్ 315 రైఫిల్, ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసింది, మాచర్ల వైపు పొలం ఉన్న రోజుల్లో కొన్నారంట, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మానేసి బీరువాలో పెట్టేశారు. ఆయన పోయాక వారసుల కింద లైసెన్స్ నా పేరు మీదకి వచ్చింది. 2024 ఎన్నికలకి స్టేషన్లో డిపాజిట్ చేసి, తిరిగి ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా తుడుస్తుంటే ముందు కర్ర (బ్యారెల్ కింద ఉండే చెక్క) వెనక చివర సన్నగా చీలిక కనపడింది. దాంతోపాటు ఇంకో ఇబ్బంది ఉంది, తాతయ్య ఆరడుగుల మనిషి, బట్ (భుజానికి ఆనించే వెనక కర్ర) మోచేతి మడతలో ఆనించి పట్టుకుంటే నా వేలు ట్రిగ్గర్ దాకా సరిగ్గా అందట్లేదు.

మా బావమరిదికి బ్యారెల్ మూతి దాకా కర్ర ఉండే మాన్లిచర్ స్టైల్ అంటే పిచ్చి. చూడ్డానికి అందమే, కాదనను. కానీ 1903 నాటి ఆ ఆస్ట్రియా కార్బైన్‌కి బ్యారెల్ పొట్టి, అందుకే ఆ కర్ర దానికి నప్పింది, మనదాని పొడుగు బ్యారెల్‌కి అలా తొడిగితే మిలిటరీ రైఫిల్‌లా అయిపోతుంది, పోనీ బ్యారెల్ కోయిద్దామా అంటే ఆయుధ చట్టం సెక్షన్ 6 ప్రకారం దానికి విడిగా లైసెన్స్ లేకుండా ముట్టుకోకూడదు. పైగా మన బెజవాడ వాతావరణం తెలిసిందే కదా, రోళ్ళు పగిలే రోహిణి కార్తె అవ్వగానే కృష్ణ ఒడ్డు ముసురు, కర్ర ఎండి ముడుచుకుని మళ్ళీ తేమ తాగి ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్కకి నొక్కుతుంది, అప్పుడు గుండు పడే చోటు మారుతుంది. బ్యారెల్ పొడుగునా కర్ర ఉంటే ఆ బాధ ఇంకా ఎక్కువ.

తేమ గొడవే వద్దంటే కర్రకి బదులు తొడిగే ప్లాస్టిక్ స్టాక్ ఉంది. వానకి ఉబ్బదు, చీలదు. మనలాంటి లీ ఎన్‌ఫీల్డ్ రకం (పాత బ్రిటిష్ సైన్యపు) రైఫిళ్ళ కోసం బయటి దేశాల్లో చేస్తారు గానీ నంబర్ 1 మోడల్‌కి చేసింది నంబర్ 4 మోడల్‌కి పట్టదు, తెప్పించి తొడిగేదాకా మనదానికి సరిపోతుందో లేదో తేలదు. అన్నిటికంటే, అది తొడిగాక తాతయ్య రైఫిల్ అనిపించదు. బట్ ఎడమ పక్కన ఆయన చెంప ఆనిన చోట అరచేయంత మేర కర్ర నున్నగా తేలి నల్లబడి ఉంది, దాన్ని అటక మీద పడేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇక పాత కర్రే బాగుచేయించడం. ఇక్కడ నేను దెబ్బతిన్నాను. మొదట చూపించిన చోట మనిషి బట్ కొంచెం ఊగుతోందని, ముందు కర్ర విప్పకుండానే పొడుగు స్క్రూడ్రైవర్ పెట్టి బట్‌ని బిగించే వెనక బోల్టు తిప్పేశాడు. నంబర్ 1 మార్క్ 3లో ఆ బోల్టు చివర పలకగా ఉండి ముందు కర్ర వెనకున్న ప్లేట్‌లో కూర్చుంటుంది, బోల్టు తిరిగితే ఆ ప్లేటూ మెలిపడి కర్రని చీలుస్తుంది, మనదీ ఆ కుటుంబమే, అర చుట్టు తిప్పేసరికి చీలిక బొటనవేలంత పెరిగింది. నా ప్రాణం ఉసూరుమంది. దయచేసి ముందు కర్ర తీసిన తర్వాతే ఆ బోల్టు ముట్టుకోనివ్వండి, అదీ రిపేర్ లైసెన్స్ ఉన్నవాళ్ళ చేతే.

తర్వాత ఇంకో చోట ఓపిగ్గా చేశారు. చీలికలో ఇంకిన నూనె అసిటోన్‌తో లాగేసి, ఎపాక్సీ పట్టించి, బిగించి ఉంచి, పైన అవిసె నూనె పలచగా రుద్దారు. ఇప్పుడు గీత కూడా వెతికితేనే కనపడుతుంది.

పొడుగు సంగతికి పాత బట్ కోయించలేదు, కోస్తే మళ్ళీ అతకదు. ఈ రకం రైఫిల్‌కి కర్ర రెండు ముక్కలు కాబట్టి బట్ ఒక్కటే వేరేది వేయించుకోవచ్చు, పాత రోజుల్లో సైన్యానికే పొట్టి, మామూలు, పొడుగు అని సైజులుండేవి. మా వడ్రంగి టేకు అన్నాడు. కొండపల్లి బొమ్మకి పొణికి ఎలాగో దీనికి వాల్‌నట్ అలాగ, టేకు తలుపులకి బంగారం గానీ దెబ్బకి నిలువునా చీలే గుణం ఉంది. అందుకని వాల్‌నట్ ముక్కకే చెప్పాను, అరంగుళం పొట్టిగా. నచ్చకపోతే పాతది మళ్ళీ బిగించుకోవచ్చు.

అసలు కర్ర ఎందుకు మెత్తబడి చీలింది అంటే ఇన్నేళ్ళూ బీరువాలో మూతి పైకి నిలబెట్టడం వల్ల గన్ ఆయిల్ అంతా కిందకి జారి కర్రలోకి ఇంకిందంట. ఇప్పుడు నూనె పెట్టాక రెండు రోజులు పాత పంచె మడత మీద మూతి కిందకి పెట్టి ఉంచుతున్నా.