పైథాన్ ఈమెయిల్ ప్యాకేజీతో ఏడేళ్లు: మూట కట్టడం తేలికే, విప్పి మళ్లీ కట్టాలంటేనే తంటా

బడులకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చే చిన్న ఆఫీసు మాది. ఫీజు రసీదులు, మార్కుల జాబితాలు, సెలవు కబుర్లు, పరీక్షల టైమ్‌టేబుళ్లు, ఇలా తల్లిదండ్రులకు వెళ్లే మెయిళ్లన్నీ నేను రాసిన స్క్రిప్టుల చేతిమీదుగానే వెళ్తాయి. అవన్నీ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతోపాటే వచ్చే ఈమెయిల్ ప్యాకేజీ (మెయిళ్లు తయారుచేయడానికి, చదవడానికి రెడీగా ఉన్న కోడ్, అంటే లైబ్రరీ) మీద నడుస్తున్నాయి. 2018లో మొదలుపెట్టాను, ఇప్పటిదాకా మార్చాలనిపించలేదు. కొత్త మెయిల్ తయారుచేయడానికైతే ఐదుకి ఐదు మార్కులు వేస్తాను. ఉన్న మెయిల్‌లో బాడీ, అంటే లోపలి విషయం, మార్చడానికి మాత్రం రెండున్నర. ఆ అర కూడా మొహమాటానికే.

పైథాన్ 3.6 వెర్షన్‌తో కుదురుకున్న ఈమెయిల్‌మెసేజ్ క్లాసు (మెయిల్‌కి అచ్చులాంటిది) వాడితే పని హాయిగా సాగిపోతుంది. సెట్ కంటెంట్ అనే కమాండుతో మామూలు టెక్స్ట్ పెడతాం, యాడ్ ఆల్టర్నేటివ్‌తో అదే విషయాన్ని వెబ్ పేజీ రూపంలో, అంటే హెచ్‌టీఎంఎల్‌గా, చేరుస్తాం, యాడ్ అటాచ్‌మెంట్‌తో రసీదు పీడీఎఫ్ తగిలిస్తాం. లోపల మల్టీపార్ట్ మిక్స్‌డ్ (బాడీ, అటాచ్‌మెంట్లు కలిసిన మూట), దాని కింద మల్టీపార్ట్ ఆల్టర్నేటివ్ (ఒకే విషయం రెండు రూపాల్లో) అంటూ కొమ్మలన్నీ అదే వేసుకుంటుంది. పాత పద్ధతిలో మైమ్‌మల్టీపార్ట్, మైమ్‌టెక్స్ట్ అంటూ డబ్బాలో డబ్బా మనమే సర్దుకోవాలి. నెట్‌లో దొరికే నమూనా కోడ్ చాలావరకు ఇప్పటికీ ఆ పాతదే. కొత్తగా చేరిన కుర్రాళ్లు అదే తెచ్చి అతికిస్తారు, నేను తీయిస్తూ ఉంటాను.

వరస మాత్రం తప్పకూడదు. అటాచ్‌మెంట్ ముందు పెట్టేసి తర్వాత హెచ్‌టీఎంఎల్ చేర్చబోతే, మిక్స్‌డ్‌ని ఆల్టర్నేటివ్‌గా మార్చడం కుదరదని వాల్యూఎర్రర్ మొహాన కొడుతుంది. పెరుగన్నం అయ్యాక పప్పు వడ్డించబోతే విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టినట్టు.

తెలుగు మెయిళ్లు పంపేవాళ్లకి ఇందులో ఒక ముచ్చట ఉంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు. ఈ లైబ్రరీ లైనుకి 78 బైట్ల హద్దు చూస్తుంది. అంటే ఖాళీలు పక్కన పెడితే 26 గుర్తులు దాటిన లైను ఒక్కటున్నా బాడీని ఉన్నదున్నట్టు పంపదు, ఎన్‌కోడ్ చేస్తుంది, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తుల్లోకి మారుస్తుంది. అందుకు కోటెడ్ ప్రింటబుల్, బేస్64 అని రెండు పద్ధతులు. కోటెడ్ ప్రింటబుల్‌లో 'అ' ఒక్కటే 9 అక్షరాలవుతుంది, బేస్64లో 4తో సరిపోతుంది. రెండూ కొలిచి పొట్టిదాన్ని తీసుకుంటుంది కాబట్టి మా మెయిళ్లు దాదాపు అన్నీ బేస్64లోనే వెళ్తాయి. మెయిల్ సోర్సు తెరిచినప్పుడు ఆ గజిబిజి మొదట్లో 4, పెద్ద ఎల్, పెద్ద సీ కనిపిస్తే లోపలున్నది తెలుగే. నమస్కారంతో మొదలైతే నాలుగోది చిన్న ఓ. హిందీ అయితే 4, కె, ఎస్. డీకోడ్ చేయకుండానే భాష చెప్పేస్తుంటే మా ఆఫీసులో కొందరు నన్ను సోదెకారుణ్ణి చూసినట్టు చూస్తారు.

ఇక బాడీ మార్చే సంగతి. ఒక బడివాళ్లు ప్రతి మెయిల్ చివరా "దీనికి జవాబు ఇవ్వకండి, ఆఫీసుకి ఫోన్ చేయండి" అనే లైను, కింద ఫోన్ నంబరు పెట్టమన్నారు. మెయిళ్లు అప్పటికే తయారై ఫైళ్లుగా ఉన్నాయి. వాటిని చదివి, గెట్ పేలోడ్‌తో బాడీ తీసి, లైను కలిపి, సెట్ పేలోడ్‌తో యూటీఎఫ్-8 అని చెప్పి తిరిగి పెట్టేశాను. ఇంగ్లిష్ మెయిల్‌తో పరీక్షించాను, చక్కగా వచ్చింది. రాత్రి క్యూలోకి వదిలేసి పడుకున్నాను.

పొద్దున్నే ఫోను. "సార్, మీ మెయిల్ తెరిస్తే లోపల ఏమీ లేదంటున్నారండీ పేరెంట్సు. ఏవో రెండు మూడు పిచ్చి గుర్తులున్నాయంట."

జరిగింది ఇదీ. పాత మెయిల్ హెడర్‌లో (పైన ఉండే వివరాల చీటీలో) కంటెంట్ ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్ బేస్64 అని అప్పటికే ఉంది. ఆ హెడర్ కనిపిస్తే సెట్ పేలోడ్ ఎన్‌కోడింగ్ జోలికి పోదు. పైన చీటీ బేస్64 అంటుంది, లోపల మాత్రం పచ్చి తెలుగు. చదివే యాప్ బేస్64లో లేని బైట్లన్నీ పారేసింది, తెలుగంతా కొట్టుకుపోయింది. మిగిలిన తేదీ, ఫోన్ నంబరు అంకెల్ని డీకోడ్ చేస్తే ఆ పిచ్చి గుర్తులు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నాకు కోపం వచ్చింది దీనికే. పరీక్షకి ఇంగ్లిష్ మెయిల్ తీసుకోవడం నా తప్పే, కాదనను. కానీ అటాచ్‌మెంట్ వరస తప్పితే అంత గట్టిగా అరిచే లైబ్రరీ ఇక్కడ నోరు మెదపకపోవడమేంటి?

సెట్ పేలోడ్‌కి ముందు ఆ హెడర్ తీసేస్తే సరిపోతుంది. ఇప్పుడు నేను అసలు దాని జోలికే పోను. మెయిల్ చదివేటప్పుడే, కొత్త పద్ధతిలో చదవమని పాలసీ డిఫాల్ట్ అని ఇస్తాను. ఇవ్వకపోతే పాత రకం ఆబ్జెక్టు చేతిలో పెడుతుంది, దానికి బాడీ భాగాన్ని వెతికిచ్చే గెట్ బాడీ ఉండదు. పేరు డిఫాల్ట్, కానీ అడిగితేగానీ రాదు! తర్వాత గెట్ బాడీకి హెచ్‌టీఎంఎల్ అని ఒకసారి, ప్లెయిన్ అని ఒకసారి చెప్పి రెండు భాగాలూ విడివిడిగా తీస్తాను. ఏదో ఒకదాంట్లోనే లైను కలిపితే చూసే యాప్‌ని బట్టి కొందరికి కనిపిస్తుంది, కొందరికి కనిపించదు. మార్చిన టెక్స్ట్‌ని ఆ భాగం మీదే సెట్ కంటెంట్‌తో పెడతాను. అది పాత కంటెంట్ హెడర్లన్నీ ఊడ్చి కొత్తవి రాస్తుంది. మల్టీపార్ట్ మెయిల్ మొత్తం మీద పిలిస్తే టైప్‌ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది, అందుకు దండం పెట్టాలి.

ఊడ్చేటప్పుడు మంచీ చెడూ చూడదు కూడా. హెచ్‌టీఎంఎల్ భాగానికి సబ్‌టైప్ మళ్లీ చెప్పకపోతే అది మామూలు టెక్స్ట్ అయిపోతుంది, ట్యాగులన్నీ బయటపడతాయి. ఒక బడి లోగో మారినప్పుడు పాత బొమ్మ భాగంలో కొత్త బొమ్మ పెట్టాను. హెచ్‌టీఎంఎల్ ఆ బొమ్మని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ కూడా చెత్తతోపాటు పోయింది, లోగో ఉండాల్సిన చోట విరిగిన బొమ్మ గుర్తు. ఐడీని, బొమ్మని బాడీలోనే చూపమనే ఇన్‌లైన్ అనే మాటని మళ్లీ ఇచ్చాక సరైంది.

మెయిల్ దారిలో మారలేదని సరిచూసుకోవడానికి వీలుగా డీకిమ్ అనే డిజిటల్ సంతకం వేసేవాళ్లు ఈ మార్పులన్నీ అయ్యాకే వేయాలి. బాడీ హ్యాష్ (బాడీ నుంచి లెక్కకట్టిన వేలిముద్రలాంటిది) సంతకంలో భాగం కాబట్టి తర్వాత చివర్న ఒక లైను చేర్చినా మామూలుగా సంతకం చెల్లదు. పంపినవాళ్లు లోపలి విషయానికే సంతకం చేసిన మల్టీపార్ట్ సైన్డ్ మెయిల్ అయితే నా స్క్రిప్టు ముట్టుకోకుండా పక్కన పెట్టేస్తుంది.

ఈమధ్య ఒక బడివాళ్లు పీడీఎఫ్ పేరు కూడా తెలుగులోనే ఉండాలంటున్నారు. లైబ్రరీ రాయగలదు, పేరులో ఒక్కో గుర్తుకీ శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలు పడతాయంతే. అవతల యాప్‌లు అన్నీ దాన్ని సరిగ్గా చదువుతాయని నాకు నమ్మకం కుదరలేదు. అందుకే లోపల ఎంత తెలుగున్నా పైన 'రసీదు' మాత్రం ఇంకా ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెళ్తోంది.