ఆరోగ్యశ్రీలో పెద్దపేగు క్యాన్సర్: ఆపరేషన్‌కు ఢోకా లేదు, ముందస్తు పరీక్షకే చిక్కు

ఏ బాధా లేని మనిషి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయి "కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకుంటా, ఆరోగ్యశ్రీలో రాయండి" అంటే రాయరు. జబ్బు తేలి, ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం కట్టిన పథకం అది. ఆ పనిలో గట్టిదే: కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఆపరేషన్, కీమో, రేడియేషన్ నగదు లేకుండా నడుస్తాయి. ఊళ్లల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు చేసే సర్కారు క్యాన్సర్ పరీక్షల్లోనూ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారమే ఉన్నాయి, పేగు లేదు. మా దృష్టిలో పెద్ద లోటు ఇదే.

దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతున్నా, వారాల తరబడి విరేచనం తీరు మారినా, కారణం లేకుండా ఒంట్లో రక్తం తగ్గినా లెక్క వేరు. అది లక్షణం, దానికి చేసేది స్క్రీనింగ్ (ఏ బాధా లేనివాళ్లకు చేసే ముందస్తు పరీక్ష) కాదు. ఓపీ చీటీ మీద "మొలలు" అని ఒక్క మాట రాసి పంపిస్తే కథ అక్కడే ఆగుతుంది. ఎన్నాళ్ల నుంచి, ఎంత రక్తం, బరువు తగ్గిందా అన్నవి చెప్పి రాయించుకోండి.

లక్షణాల్లేనివాళ్లు 45 దాటాక సొంత ఖర్చుతో ఏడాదికోసారి ఫిట్ అనే మల పరీక్ష (మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టేది) చేయించుకోవచ్చు. పథ్యం అక్కర్లేదు. నమూనాలో నీళ్లు, మూత్రం కలవొద్దు. పాజిటివ్ వస్తే "మొలల వల్లే" అనుకుని వదిలేయకుండా కొలనోస్కోపీ చేయించాల్సిందే. ల్యాబ్ ప్యాకేజీల్లో అంటగట్టే సీఈఏ రక్త పరీక్ష దీనికి బదులు కాదు, ఆ డబ్బు దండగ. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఒకరికి ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్లకు, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు నేరుగా కొలనోస్కోపీయే.

కొలనోస్కోపీ పాడయ్యేది ఎక్కువగా ఇంట్లోనే. పేగు శుభ్రం కాకపోతే చిన్న కణితి కనబడదు, మళ్లీ రమ్మంటారు. జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు, టమాట గింజలు రెండు మూడు రోజుల ముందే ఆపాలి. ఐరన్ గోళీలు వారం ముందే. పేగు కడిగే పౌడర్ కలిపిన నీళ్లు సగం ముందురోజు రాత్రి, సగం పరీక్ష పొద్దున తాగితే బాగా కడుగుతుంది. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఏదీ ఆపొద్దు.

బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) క్యాన్సర్ తేలితే ముందు ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికే. ఆమోదం రాకముందు కౌంటర్‌లో కట్టిన డబ్బు ఈ పథకం కింద తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు వేర్వేరుగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఆ దిద్దుబాటు ముందే చేయించుకోండి. సందేహమొస్తే 104. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోయేవాళ్లు బయాప్సీ రిపోర్టు ఒక్కటే కాదు, ల్యాబ్‌లో ఉన్న మైనం బ్లాకులు, స్లైడ్లు (ఆ ముక్కను దాచిన మైనం దిమ్మెలు, గాజు పలకలు) కూడా అడిగి తీసుకుపోండి. అక్కడ మళ్లీ చూస్తామంటే వాటి కోసం వరంగల్‌కు తిరిగి రావాల్సి వస్తుంది.